పిల్లిపిల్ల గదిలో ఊరికే కూర్చునే పని

"నిన్ను ఆ గదిలో కూర్చోమన్నాను, తుడవమనలేదు" అని మా మేడమ్ అనేసరికి నాకు ఏం చేయాలో తోచలేదు. చేతిలో తడిగుడ్డ ఉంది, కిటికీ అద్దం సగం తుడిచా, పిల్లిపిల్లేమో మంచం కింద ఎక్కడో మూలకి అతుక్కుపోయి ఉంది. ఆవిడ అరిచే మనిషి కాదు, వాకర్ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి మామూలుగానే అన్నారు, కానీ ఆ మాట రాత్రి పడుకునేదాకా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఈ దేశం వచ్చాక పని సరిగ్గా చేయలేదని మాటలు పడ్డా, నిదానంగా చేస్తావని పడ్డా, పని ఎందుకు చేస్తున్నావని పడటం మాత్రం ఇదే.

నేను చేసేది పెద్దవాళ్ళని ఇంట్లో ఉండి చూసుకునే పని. మందులు, స్నానం, వంట, బట్టలు, మధ్యలో బ్రూనోని తిప్పుకురావడం. బ్రూనో అంటే వాళ్ళ లాబ్రడార్, నడివయసు కుక్క, ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ ఇంకో జంతువు లేదు కాబట్టి సోఫా, వరండా, మేడమ్ కాళ్ళ దగ్గర జాగా అన్నీ తనవే. అలాంటిది వాళ్ళమ్మాయి ఒక శనివారం షెల్టర్ నుంచి పది వారాల పిల్లిపిల్లని తెచ్చి, ఆదివారం సాయంత్రం తన ఊరు తను వెళ్ళిపోయింది. మేడమ్ వంగలేరు, కింద కూర్చోలేరు, కాబట్టి ఆ రెండిటినీ కలిపే పని నా మీద పడింది. ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం, పిల్లికి ఒంటి మీద ఫ్లీస్ అనే దూకే పురుగులు, కడుపులో పురుగులు ఉంటే కుక్కకీ రావచ్చు కదా, అవి చూసి మందు వేసి, టీకాల కార్డు రాసిచ్చి, అప్పుడు చెప్పారు డాక్టరమ్మ, కొన్నాళ్ళపాటు అసలు ఒకదాని మొహం ఒకటి చూడకూడదు అని.

అందుకని వెనక చిన్న గది పిల్లికి ఇచ్చేశాం. ఒక మూల లిట్టర్ బాక్స్, దానికి దూరంగా ఇంకో మూల గిన్నెలు, ఎందుకంటే పిల్లి తను దొడ్డికి వెళ్ళే చోట తినడానికి ఇష్టపడదు. దాక్కోడానికి అట్టపెట్టె, గోళ్ళు గీసుకోడానికి తాడు చుట్టిన కర్ర. ఇదంతా నాకు ఇష్టంగానే చేశా, సర్దడం నాకు చేతనైన పని. చేతకానిది ఆ తర్వాతిది. పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట ఆ గదిలో నేల మీద కూర్చోవాలి, పిల్లి వైపు చూడకూడదు, చెయ్యి చాపకూడదు, పిలవకూడదు, అదే బయటికి వచ్చేదాకా ఊరికే ఉండాలి. నిలబడిన మనిషి దానికి కొండంత ఎత్తు కనపడతాడంట, గుడ్డ ఆడే చప్పుడు, బకెట్ చప్పుడు, తలుపు తీసి వేసే చప్పుడు అన్నీ దాన్ని ఇంకా లోపలికి తోస్తాయంట. మేడమ్ ఇవన్నీ కుర్చీలో కూర్చుని ఓపిగ్గా చెప్పారు. నేను అద్దం తుడవడం తప్పని ఇప్పటికీ అనుకోను, దుమ్ము ఉన్న గదిలో చంటిది పడుకోవడం నాకు నచ్చలేదు అంతే, కానీ ఆవిడ ఉద్దేశం ఏంటో అర్థమైంది.

అర్థమైనా ఒళ్ళు వినాలి కదా. ఇంతకుముందు నేను చేసిన ఇంట్లో హాల్లో కెమెరా ఉండేది, మధ్యాహ్నం కాసేపు సోఫా అంచున కూర్చుంటే సాయంత్రానికల్లా మెసేజ్ వచ్చేది, ఇవాళ పని తక్కువగా ఉందా అని. అప్పట్నుంచి ఖాళీగా కనపడకూడదనేది ఒంట్లో పాతుకుపోయింది, అన్నీ అయిపోయినా ఏదో ఒక డబ్బా తీసి మళ్ళీ సర్దుతూ ఉంటా. గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్ళకి ఇది నేను విడమర్చి చెప్పక్కర్లేదు. అయినా యజమాని చూస్తుండగా కింద చతికిలబడి కూర్చోవడం మన పెంపకంలోనే లేదు. మొదటిరోజు గంట అయ్యాక బయటికి వచ్చి, టైమ్‌షీట్‌లో ఇది ఏమని రాయాలి మేడమ్ అని అడిగా. "పని అని రాయి, ఇంకేమని రాస్తావు" అన్నారు. ఇలాంటి ఇళ్ళల్లో చేసే మనవాళ్ళెవరికైనా ఒక మాట, ఇంట్లోకి కొత్త జంతువు వస్తుందంటే ఇది ముందే అడిగి తేల్చుకోండి, ఎందుకంటే ఇది రోజులు కాదు వారాలు పట్టే పని, ఎవరో ఒకరు కూర్చోక తప్పదు.

పని అని రాయి అని మేడమ్ అన్న మాటకి సంతోషం వేసింది, నిజం చెప్తున్నా, కానీ దాని వెనకాలే ఇంకోటి కూడా వేసింది. పోయిన చలికాలం నడుం పట్టేసి గోడ పట్టుకుని నడిచినప్పుడు నన్ను గంటసేపు కూర్చోమని ఎవరూ అనలేదు. పిల్లికి భయం వేస్తే మాత్రం డాక్టర్ చెప్పారు, ఇల్లంతా నెమ్మదించింది, టీవీ సౌండ్ తగ్గింది, కాలింగ్ బెల్ తీసేశారు. ఇది మేడమ్ మీద ఫిర్యాదు కాదు, ఆవిడ మంచావిడ, నడుం నొప్పి అని నేను చెప్పలేదు కూడా. కానీ పిల్లి కూడా చెప్పలేదు కదా, దాని చెవులు వెనక్కి వంగడం చూసే కనిపెట్టారు. ఇదే పట్టుకుని చాలా రోజులు లోపల లోపల గింజుకున్నా. ఒక పక్క, ఎంత శ్రద్ధ వీళ్ళకి అని మెచ్చుకుంటా, ఇంకో పక్క ఆ శ్రద్ధ ఎవరెవరి దాకా వస్తుంది ఎక్కడ ఆగిపోతుంది అని లెక్క వేసుకుంటా. రెండూ నిజమే అనిపిస్తాయి, ఒకదాన్ని వదిలేయమంటే నా వల్ల కాదు.

ఆ గదిలో కూర్చోగా కూర్చోగా నాకు ఇంకోటి దొరికింది. పిల్లికి మన గొంతు అలవాటు కావాలి కాబట్టి మెల్లగా ఏదో ఒకటి చదువుతూ ఉండు, పేపరైనా పర్లేదు అన్నారు మేడమ్. నేను ఫోన్ తీసి మా ఫ్యామిలీ గ్రూపులో పిన్ని పెట్టిన మెసేజ్‌లు, అన్నయ్య పెట్టే పొడుగు పొడుగు సంగతులు అన్నీ పైకి చదవడం మొదలుపెట్టా. పని గంటల్లో, ఆ ఇంట్లో, నోరారా తెలుగు మాట్లాడటం అదే మొదలు. ఫోన్ కాల్ అయితే గొంతు తగ్గించుకుని ముక్తసరిగా పెట్టేస్తాం, ఇది అలా కాదు, తొందర లేకుండా, ఒక్కో వాక్యం పూర్తిగా. అలా చదువుతుంటేనే ఒకరోజు నా సాక్సు కొసకి ఏదో తగిలింది, చూస్తే గోరు, సన్నగా పారదర్శకంగా ఉంది, ఉన్ని దారంలో చిక్కుకుపోయింది, దాన్ని లాక్కోడానికి పాదం విదిలిస్తోంది. నేను కదల్లేదు. చదవడం ఆపలేదు. అది గోరు విడిపించుకుని నన్ను చూసింది, నేను కళ్ళు నెమ్మదిగా మూసి నెమ్మదిగా తెరిచా, అది కూడా అలాగే చేసింది. ఇది నా ఊహ కాదు, ఇంగ్లండ్‌లో ససెక్స్, పోర్ట్స్‌మత్ యూనివర్సిటీల వాళ్ళు 2020లో దీని మీద పరిశోధన చేసి రాశారు, మనం అలా కళ్ళార్పితే పిల్లి కూడా ఆర్పడం, అలా చేసిన మనిషి కొత్తవాళ్ళైనా సరే దగ్గరికి రావడం ఎక్కువ అని.

ఇంటికి ఫోన్ చేసి ఇదంతా చెప్తే అన్నయ్య, "దానికింత రామాయణం ఎందుకే, రెండిటినీ వదిలెయ్యండి, అవే సర్దుకుంటాయి" అన్నాడు. ఇదే మాట పొరపాటున మేడమ్ వాళ్ళమ్మాయితో అంటే, అయ్యో మీ దగ్గర జంతువుల్ని పట్టించుకోరా అన్నట్టు చూసింది. ఆ చూపు నాకు గుచ్చుకుంది. పట్టించుకోక కాదు. మన దగ్గర కుక్కా పిల్లీ ఒకే వాకిట్లో బతికేస్తాయి, ఎవరూ పరిచయం చేయరు, నిజమే, కానీ అక్కడ పిల్లికి గోడ ఉంది, గోడ మీంచి కప్పు ఉంది, చెట్టు ఉంది, పక్కింటి మేడ ఉంది. ఎంత దూరం కావాలో అదే చూసుకుంటుంది, భయం తగ్గిన రోజున ఒక మెట్టు దిగుతుంది, ఇంకో రోజు ఇంకో మెట్టు. ఇక్కడ తలుపులన్నీ మూసి ఉంటాయి, నాలుగు గదులే లోకం, కుక్క తరిమితే పోవడానికి చోటు లేదు. ఆ దూరం ఇల్లు ఇవ్వలేదు కాబట్టి మనుషులు ఇవ్వాలి, గేటుతోనో, తలుపుతోనో, మన టైంతోనో. అక్కడ కప్పు చేసే పని ఇక్కడ నేను చేస్తున్నా, అంతే తేడా. ఇది వాళ్ళమ్మాయికి చెప్పాలని చాలాసార్లు అనుకున్నా, ఇంగ్లీషులో ఇంత పొడుగ్గా చెప్పే సందర్భం రాలేదు.

ఇక అసలు కలపడం. ముందు వాసనలు. పిల్లి బుగ్గల దగ్గర ఒక మెత్తటి గుడ్డతో మెల్లగా రుద్ది (అక్కడ దాని వాసన గ్రంథులుంటాయి) ఆ గుడ్డ బ్రూనో పక్క దగ్గర పెట్టేదాన్ని, బ్రూనో దుప్పటి ముక్క పిల్లి గదిలో. బ్రూనో ఆ గుడ్డని చాలాసేపు వాసన చూసి, తుమ్మి, మళ్ళీ చూసేవాడు. తర్వాత మూసిన తలుపుకి చెరో పక్కన అన్నం గిన్నెలు, ముందు బాగా ఎడంగా, రెండూ ప్రశాంతంగా తింటుంటే కొంచెం కొంచెం తలుపు దగ్గరికి. వాడిని బయటికి తిప్పుకొచ్చే టైంలో పిల్లిని ఇల్లంతా తిరగనివ్వడం. ఆ తర్వాత గుమ్మానికి అడ్డంగా చంటిపిల్లల కోసం పెట్టే బేబీ గేట్ పెట్టి, బ్రూనోకి లీష్ వేసి, బాగా నడిపించి అలసిపోయాక చూపించడం. చాలామంది చేసేదేంటంటే పిల్లిని చేతుల్లో పట్టుకుని కుక్క మూతి దగ్గర పెడతారు, ప్రేమతోనే చేస్తారు, కానీ దానికి పారిపోయే దారి లేక మన చెయ్యి రక్కుతుంది, కుక్క కన్ను రక్కుతుంది, ఆ భయం ఇద్దరికీ గుర్తుండిపోతుంది.

డాక్టర్ నన్ను పిల్లి వైపు కాదు, కుక్క వైపు చూస్తూ ఉండమన్నారు. ఒళ్ళు వదులుగా ఉండి, కాసేపు పిల్లిని చూసి, నేల వాసన చూసి, మన వైపు తిరిగితే బాగున్నట్టు, అలా తల తిప్పిన ప్రతిసారీ ట్రీట్ ఇవ్వాలి. ఒళ్ళు బిగపట్టి, నోరు మూసేసి, రెప్ప వేయకుండా చూస్తూ, పేరు పెట్టి పిలిచినా వినకపోతే వెంటనే దూరం తీసుకుపోవాలి, తోక ఊపుతున్నా సరే. ఆ చూపు వేట చూపు. ఇంకో ముఖ్యమైన సంగతి, కుక్క గుర్రుమంటే తిట్టకూడదు. నాకు ఇక చాలు అని చెప్పే పద్ధతి అంట గుర్రుమనడం, దాన్ని తిట్టి మాన్పిస్తే మనసులో మారేదేం లేదు, ఈసారి చెప్పకుండానే కరిచేయొచ్చు. బ్రూనో గేటు దగ్గర గుర్రుమన్నప్పుడు మేడమ్, "సరే నాన్నా, విన్నాంలే" అన్నట్టు వాళ్ళ భాషలో ఏదో అని, నాకు సైగ చేశారు, నేను వాడిని రెండడుగులు వెనక్కి తీసుకెళ్ళా, అయిపోయింది. పిల్లి బుస్సుమన్నా, గూనిగా వంగి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నా అంతే, అదీ దూరం అడగడమే.

టెల్ అవీవ్ యూనివర్సిటీ వాళ్ళు 2008లో ఒకే ఇంట్లో ఉండే కుక్కా పిల్లుల్ని పరిశీలించి ఒక వ్యాసం వేశారు. రెండూ మొదటిసారి ఎదురుపడేటప్పటికి పిల్లి ఆరు నెలల లోపు, కుక్క ఏడాది లోపు ఉంటే బాగా కలుస్తాయని, అందులోనూ పిల్లి ముందు వచ్చిన ఇళ్ళల్లో ఇంకా బాగుంటుందని. మా ఇంట్లో పిల్లి వయసు ఒక్కటే ఆ లెక్కకి సరిపోయింది, కుక్క ముందు వచ్చింది, చిన్నదీ కాదు, అందుకే ఎక్కువ టైం పట్టింది. మధ్యలో బ్రూనో తిండి తగ్గించాడు కూడా, అప్పుడు నేనే మేడమ్‌కి చెప్పా, కొత్తదాని హడావుడిలో పాతవాడి నడక తగ్గిపోయింది, ముందు అది సరిచేద్దాం అని. ఆవిడ వెంటనే సరే అని, మధ్యాహ్నం బట్టలు మడతపెట్టే పని మానిపించి ఆ టైం వాడికి ఇప్పించారు. నా మాట మీద ఇంటి పద్ధతి మారింది, అది నాకు చాలా గొప్పగా అనిపించింది.

ఇప్పుడు ఇద్దరూ హాల్లో ఉంటారు, ఎవరో ఒకరం దగ్గర ఉన్నంతసేపు. పిల్లికి పుస్తకాల బీరువా మీద జాగా ఖాళీ చేశాం, అక్కణ్ణుంచి చూస్తుంది, బుద్ధి పుడితే దిగి వచ్చి బ్రూనో ముక్కుకి ముక్కు ఆనించి వెంటనే పైకి పోతుంది. పిల్లి గిన్నె కూడా పైనే, ఎందుకంటే ఆ తిండిలో మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువ, బ్రూనోకి దొరికితే ఒక్క గుక్కలో ఖాళీ, పైగా పిల్లికి టారిన్ అనే పోషకం తిండిలో తప్పనిసరి, కుక్క తిండితో దాన్ని పెంచలేం. లిట్టర్ గదికి గేటు అలాగే ఉంచాం, పిల్లి మాత్రమే దూరేంత సందుతో. రాత్రిళ్ళు, నేను మేడమ్‌కి స్నానం చేయించేటప్పుడు వేరువేరు గదుల్లోనే. పిల్లి పెద్దదై తన కాళ్ళ మీద తను తప్పించుకోగలిగేదాకా ఇలాగే కొనసాగించమన్నారు డాక్టర్, వచ్చే నెల తర్వాతి టీకాకి వెళ్ళినప్పుడు మళ్ళీ చూసి చెప్తారట.