కృష్ణా రామా అనుకునే వయసు

"మనవలు పుట్టాక ఇదేం బుద్ధి" అని మన ఇళ్లలో ఎవరూ పైకి అనరు. అమ్మమ్మ మంచం పిల్లల గదిలోకి, తాతయ్య మంచం హాల్లోకి చేరుస్తారు, అంతే. ఆ పైన కోరిక తగ్గితే నేరం వయసుదంటారు.

అమెరికాలో 57–85 ఏళ్ల వారిని 3,005 మందిని అడిగి 2007లో అచ్చువేసిన అధ్యయనంలో, 65–74 మధ్యవారిలో 53 శాతం, 75 పైబడినవారిలో 26 శాతం గడిచిన ఏడాదిలో లైంగిక జీవితం ఉందన్నారు. 50 దాటాక ఈ సంగతి డాక్టరుతో ఎత్తినవాళ్లు మాత్రం మగవాళ్లలో 38 శాతం, ఆడవాళ్లలో 22 శాతమే. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ పడిపోయి యోని పొర పలచబడుతుంది, తడి తగ్గుతుంది. కలిస్తే నొప్పి, ఆ నొప్పి భయానికి కండరాలు బిగుసుకుని మరింత నొప్పి. దీన్నే చాలామంది "ఇష్టం చచ్చిపోయింది" అనుకుంటారు. ముందు మందుల షాపులో దొరికే లూబ్రికెంట్ జెల్ వాడి చూడాలి. కండోమ్ వాడేవారికి కొబ్బరినూనె పనికిరాదు, రబ్బరు చిరుగుతుంది. జెల్ చాలకపోతే యోనిలో పెట్టుకునే ఈస్ట్రోజన్ క్రీమును డాక్టరు చీటీలో రాసిస్తారు: మామూలుగా రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. గుణం కనపడటానికి వారాలు పడుతుంది, వారానికే మానేసి "పనిచేయలేదు" అనడం మామూలే. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవారు ముందే చెప్పాలి. నెలసరి ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క రక్తం కనపడినా చూపించుకోవాలి.

మగవారికి అంగం గట్టిపడటానికి ఎక్కువసేపు, ఎక్కువ స్పర్శ కావాలి. ఒకసారి అయ్యాక మళ్లీ సిద్ధం కావడానికి ఒక రోజు పట్టినా జబ్బు కాదు. కానీ ఎప్పుడూ లేనిది నెలల తరబడి గట్టిపడకపోతే షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. అక్కడి రక్తనాళాలు గుండె నాళాలకంటే సన్నం, పూడిక ముందు అక్కడే బయటపడుతుంది.

అంగం గట్టిపడటానికి వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) డాక్టరు రాస్తేనే వేసుకోవాలి. 65 దాటితే సాధారణంగా 25 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, గంట ముందు వేసుకోవాలి. బిర్యానీ తిని వేసుకుంటే ఆలస్యమవుతుంది, కోరిక లేకుండా అదొక్కటే ఏమీ చేయదు. గుండెనొప్పికి సార్బిట్రేట్ వాడేవారు దీన్ని ముట్టుకోనే కూడదు, బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

మోకాళ్ల నొప్పులుంటే ఇద్దరూ పక్కకు తిరిగి, కాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే నయం. అన్నం, మాత్రలు అయిన రాత్రికంటే మనవలు స్కూలుకెళ్లిన పదిగంటల వేళ మేలు. తలుపు గడియ సరిగా పడుతుందో లేదో ముందే చూసుకోవాలి.