దిండ్ల లెక్క

నాన్నకి హార్ట్ ఫెయిల్యూర్. గుండె రక్తాన్ని సరిపడా నెట్టలేక ఒంట్లో నీరు చేరుతుంది, అది ముందు బరువులో, కాళ్ళ వాపులో తెలుస్తుంది. పొద్దున నాన్న బరువు 68.4 కిలోలు. నిన్న 67.6. బాత్రూంకి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, రోజూ చూసే మిషన్ మీదే చూశాను. చీలమండ దగ్గర బొటనవేలితో కాసేపు నొక్కి వదిలితే చిన్న సొట్ట పడింది, మెల్లగా పూడుకుంది. "రోజూ ఈ నొక్కుడేంటమ్మా" అన్నారు నాన్న.

మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే ఫోన్ చేయమని ఆసుపత్రిలో మాకు చెప్పారు. మరి ఒక్కరోజులో 800 గ్రాములైతే? పది నిమిషాలు ఫోన్ చేతిలో పట్టుకుని తటపటాయించి, చివరికి చేశాను. వాపు ఎంతుందో, ఆయాసం ఉందో లేదో అడిగి, రేపు మళ్ళీ చూసి చెప్పమన్నారు. ఆ పది నిమిషాల టెన్షన్ మాత్రం రోజంతా వదల్లేదు.

సాయంత్రం ఆన్‌లైన్ మీటింగ్. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళని ఇంట్లో చూసుకునేవాళ్ళ కోసం ఒక యాప్ తయారు చేస్తున్నారు. ఏం కావాలో మమ్మల్నే అడిగి చేస్తున్నారు. ఆరుగురం మేము, ఒక నర్సు, ఇద్దరు డిజైనర్లు. నేను కెమెరా ఆపేసి బట్టలు మడతపెడుతూ విన్నాను. మిగతావాళ్ళదీ అదే పరిస్థితని తర్వాత తెలిసింది.

మొదటి పేజీలో నాలుగు గదుల గుండె బొమ్మ, రక్తం ఎటు పోతుందో బాణాలు. ఒకావిడ అడిగేసింది: "రాత్రి రెండింటికి ఆయన ఊపిరాడక లేచి కూర్చుంటే, నేను ఈ బాణాలు చూస్తూ కూర్చోవాలా?" బొమ్మ లోపలి పేజీకి పోయింది. దాని చోట "ఇప్పుడు ఫోన్ చేయాలా?" అన్న ప్రశ్న వచ్చింది. కింద బరువు, వాపు, ఆయాసం, దిండ్లు. దిండ్లు మేం చేర్పించినవే. రెండు దిండ్ల మీద పడుకునే మనిషి మూడోది అడిగితే, పడుకున్నప్పుడు ఆయాసం పెరిగిందేమోనని మాకు గుండె జారుతుంది. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, కదలకుండా ఉన్నా ఊపిరాడకపోవడం, వీటికి ప్రశ్నలేవీ వద్దు, నేరుగా అంబులెన్స్ బటనే ఉండాలని నర్సు పట్టుబట్టింది.

నాన్న రిపోర్టులో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 30 అంటే గుండె 30 శాతమే పనిచేస్తోందని నేను నెలల తరబడి కుమిలిపోయాను. లోపల నిండిన రక్తంలో గుండె కొట్టుకున్న ప్రతిసారీ బయటికి నెట్టేది ఎంత శాతమో చెప్పే అంకెట అది. బాగున్న గుండె కూడా మొత్తం నెట్టదు, 50 నుంచి 70 శాతమే. ఈ ముక్క రిపోర్టు చేతికిచ్చిన రోజే చెప్పి ఉంటే!

చివర్లో "సంరక్షకుల శ్రేయస్సు" అనే పేజీ తెరిచారు. "సంరక్షకులంటే ఎవరండీ, మనమేనా?" అన్నాడొకాయన. అందరం నవ్వాం. భార్యని చూసుకుంటున్న పెద్దాయన మాత్రం నవ్వలేదు. "మా ఇద్దరికీ ఒకటే ఫోను. నాకు కష్టంగా ఉందని ఇందులో రాస్తే ఆవిడ చదువుతుంది" అన్నారు. డిజైనర్లు ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. ఆ పేజీకి వేరే తాళం పెడతామన్నారు. తాళం కనిపిస్తే అందులో ఏముందని ఆవిడ అడగదా? అక్కడితో టైమైపోయింది.

"మీటింగులో నా గురించేం చెప్పావు?" అన్నారు నాన్న, పడుకోబోతూ.

"దిండ్ల గురించి చెప్పాను నాన్నా."

"రెండే. రాసుకో."