పత్తికట్టె బొగ్గు, బందరు కాలువ నీళ్లు: అమెరికా ల్యాబ్ అంకెలు మన దగ్గర ఎంతవరకు పనికొస్తాయి

గుంటూరు, విజయవాడల నుంచి వచ్చి అమెరికా యూనివర్సిటీల్లో నీటి శుద్ధి, మట్టి శుద్ధి మీద పనిచేసేవాళ్లని ఇంటి దగ్గరివాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆ బొగ్గుతో మన కాలువ నీళ్లు బాగుపడతాయా?" అడగాల్సిన ప్రశ్నే. పత్తికట్టె, మిరపకట్టె, మొక్కజొన్న బెండ్లు, వరి ఊక... బయోచార్‌కి (గాలి తగలకుండా కాల్చి చేసే బొగ్గు, పొట్టిగా చార్) కావలసిన సరుకంతా అక్కడే ఉంది. జవాబు మాత్రం "గ్రాము చార్ ఇన్ని మిల్లీగ్రాముల సీసం పట్టింది" అని పేపర్లలో వచ్చే అంకెల్లో దొరకదు. ఆ అంకె ఎలా పుడుతుందో చూస్తే ఎందుకు దొరకదో తెలుస్తుంది.

కట్టెను చిన్న ముక్కలు చేసి, 105 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, మూత ఉన్న పాత్రలో కూరి ఫర్నేస్‌లో పెడతారు. నైట్రోజన్ పంపిస్తూ నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడి పెంచి, 500 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే బరువులో దాదాపు మూడో వంతు బొగ్గుగా మిగులుతుంది. 350 దగ్గరే ఆపితే ఉపరితలం మీద ఆక్సిజన్ ఉన్న రసాయన గుంపులు ఎక్కువ మిగిలి, సీసం, కాడ్మియం లాంటి లోహాలకి అనుకూలంగా ఉంటుంది. 700 దాకా తీసుకెళ్తే లోపలి సన్నని రంధ్రాలు పెరిగి పురుగుమందుల్లాంటివి బాగా అతుక్కుంటాయి. ఒకే చార్‌తో రెండు పనులూ చేయించాలని చూస్తే రెండూ అరకొరగానే అవుతాయి. దించేటప్పుడు తొందరపడకూడదు. చల్లారకముందే నైట్రోజన్ ఆపి తలుపు తీస్తే గాలి తగిలి పైపొర బూడిదైపోతుంది.

ఆ బొగ్గుని జల్లించి, కడగాలి. ఈ కడగడం దగ్గరే చాలా తప్పుడు ఫలితాలు పుడతాయి. కడగని చార్‌లో బూడిద ఉంటుంది, అది నీటి పీహెచ్‌ని పైకి తోసేస్తుంది. అప్పుడు సీసం బొగ్గుకి అతుక్కోకుండానే తెల్లటి మడ్డిగా అడుగుకి దిగుతుంది. లోహాలను కొలిచే యంత్రం "నీళ్లలో సీసం లేదు" అంటుంది, చదివేవాళ్లు బొగ్గు పట్టుకుందనుకుంటారు. ఆ నీటి పీహెచ్ కాస్త తగ్గితే మడ్డి మళ్లీ కరుగుతుంది. అందుకే ప్రతి గొట్టంలోనూ మొదట, చివర పీహెచ్ రాయని పట్టికను నమ్మలేం.

పరీక్ష ఇలా ఉంటుంది: 50 మిల్లీలీటర్ల గొట్టంలో 0.1 గ్రాము చార్, లీటరుకి 50 మిల్లీగ్రాముల సీసం కలిపిన శుద్ధజలం. 24 గంటలు షేకర్ మీద ఆడించి, 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, నైట్రిక్ యాసిడ్ కలిపి యంత్రానికి ఇస్తారు. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ఒప్పుకునే సీసం లీటరుకి 0.01 మిల్లీగ్రాము. అంటే పరీక్ష జరిగింది దానికి 5000 రెట్ల గాఢత దగ్గర! అంత ఎక్కువలో బాగా పట్టిన బొగ్గు, తక్కువలో కూడా ప్రమాణం కిందకి దించుతుందని చెప్పలేం. పురుగుమందులతో ఇంకో చిక్కు ఉంది. క్లోర్‌పైరిఫాస్ లాంటివి ప్లాస్టిక్ గొట్టానికీ నైలాన్ ఫిల్టర్‌కీ అతుక్కుంటాయి. చార్ వేయని గొట్టం ఒకటి పక్కన పెట్టకపోతే ఆ నష్టమంతా బొగ్గు ఖాతాలో పడుతుంది. గాజు గొట్టం, టెఫ్లాన్ పొర ఉన్న మూత వాడి, వడకట్టే బదులు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం మేలు.

ఇన్ని తెలిసినా పేపర్లలో శుద్ధజలం, 24 గంటల పరీక్షలే ఎందుకు ఎక్కువ? ఇక్కడ అమెరికాలో ఉద్యోగం తీరు అందుకు పెద్ద కారణం. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) ఒప్పందం చాలాచోట్ల ఏడాదికోసారి పొడిగిస్తారు, వీసా ఆ ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. గొట్టాల పరీక్ష వారంలో తేలుతుంది. నిజమైన నీటిని చార్ పొర గుండా నెలల తరబడి పంపి, ఎప్పుడు చేతులెత్తేస్తుందో చూసే కాలమ్ పరీక్షకి ఒప్పందంలో సగం కాలం పోతుంది. సీసాలు కడగడానికి అటెండర్ ఉండడు. గాజు సామానుని 10 శాతం నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నానేసి, శుద్ధజలంతో మూడుసార్లు తొలిచేది పరిశోధకుడే. వాడిన ద్రావణాలు సింక్‌లో పోయకూడదు, పేరు, తేదీ రాసిన వ్యర్థాల డబ్బాలోకే వెళ్లాలి. వచ్చేవాళ్లు ఈ పనికి పట్టే సమయాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి.

రెండో కారణం మట్టి. గుంటూరు నల్లరేగడి కిలో సంచిలో పెట్టుకుని విమానం ఎక్కుదామంటే కుదరదు. విదేశీ మట్టికి అమెరికా వ్యవసాయ శాఖ పర్మిట్ ల్యాబ్ పేరు మీద ఉండాలి, పని అయ్యాక మిగిలిన మట్టిని వేడితో శుద్ధి చేసే పారేయాలి. పరీక్షకి ముందే అలా వేడి చేస్తే మట్టి స్వభావమే మారిపోతుంది, సేంద్రియ పదార్థం కరిగి నీళ్లలోకి వస్తుంది. అందువల్ల ఇక్కడి మట్టితోనే పని కానిచ్చేస్తారు. ఆమ్ల గుణం ఉన్న మట్టిలో చార్ పీహెచ్ పెంచి లోహాలను కట్టేస్తుంది. మన నల్లరేగడి ముందే క్షారం, బంకమట్టి పాలు ఎక్కువ. అక్కడ అదే లాభం ఆశించకూడదు. పైగా పీహెచ్ పెరిగితే ఆర్సెనిక్ కదిలి బయటికి వచ్చే ప్రమాదం ఉంది.

లెక్క కూడా వేసి చూడాలి. ఎకరం పొలంలో 15 సెంటీమీటర్ల లోతు మట్టి దాదాపు 800 టన్నులు. పేపర్లు చెప్పే ఒక శాతం చార్ అంటే 8 టన్నులు, దానికి 24 టన్నుల ఎండుకట్టె కావాలి. ఎకరానికి టన్ను కట్టె వస్తుందనుకున్నా, ఒక్క ఎకరం కోసం 24 ఎకరాల కట్టె! పొలమంతా చల్లమని రైతుకి చెప్పడం న్యాయం కాదు. పొలం నుంచి మురుగునీరు కాలువలో కలిసేచోట, గట్టు దగ్గర గుంటలో చార్ పొర వేసి చూడడం నయం. ఇంకొకటి, పొలంలో వేసిన చార్ పురుగుమందునే కాదు, మట్టికి కొట్టే కలుపుమందునీ పట్టేస్తుంది. కలుపు చావలేదని రైతు మోతాదు పెంచితే మొదటికే మోసం.

మట్టి రాకపోయినా నీళ్లని మాత్రం ఇక్కడ తయారు చేసుకోవచ్చు. అమెరికా పర్యావరణ సంస్థ ఇచ్చిన చాలా కఠిన జలం కొలత: లీటరు శుద్ధజలంలో 384 మిల్లీగ్రాముల సోడియం బైకార్బొనేట్, 240 కాల్షియం సల్ఫేట్ (నీరున్న రకం), 240 మెగ్నీషియం సల్ఫేట్, 16 పొటాషియం క్లోరైడ్. గాలి బుడగలు పంపిస్తూ కలిపితే పీహెచ్ 8 దాటుతుంది. కఠినంగా ఉండే మన బోరు నీళ్లకి శుద్ధజలం కన్నా ఇది ఎంతో దగ్గర. శుద్ధజలంలో మెరిసిన చార్ ఇందులో వెనకబడుతుంది, ఎందుకంటే కాల్షియం కూడా అవే చోట్ల కోసం పోటీ పడుతుంది. కాలువ నీటికైతే కుళ్లిన ఆకుల నుంచి వచ్చే సేంద్రియ పదార్థం కూడా కలపాలి, అది రంధ్రాల నోళ్లు మూసేస్తుంది.

ఫ్లోరైడ్ గురించి పల్నాడు వైపు నుంచి ఎవరైనా అడిగితే జవాబు సూటిగా చెప్పాలి: మామూలు కట్టె బొగ్గు ఫ్లోరైడ్‌ని పట్టదు. పీహెచ్ 8 దగ్గర బొగ్గు ఉపరితలం మీద ఉండేది రుణావేశం, ఫ్లోరైడ్‌దీ అదే. మరిగిస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. యాక్టివేటెడ్ అల్యూమినా (రంధ్రాలున్న అల్యూమినియం ఆక్సైడ్) పనిచేస్తుంది, అయితే పీహెచ్ 5.5 నుంచి 6 దగ్గర బాగా పట్టేది 8 దగ్గర బాగా తగ్గిపోతుంది. కంపెనీ కాగితం మీద అంకె చూసి కొంటే గడువుకి ముందే మార్చాల్సి వస్తుంది.

గుంటూరు, విజయవాడ కాలేజీ ల్యాబ్‌లో విద్యార్థులు చార్ ఫిల్టర్ చేసి చూడాలనుకుంటే ఈ కొలత పెట్టుకోండి. గంటకు 10 లీటర్లు, 10 నిమిషాల సంపర్కం అంటే సుమారు 1.7 లీటర్ల చార్. నాలుగంగుళాల పైపులో 21 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది. అర మిల్లీమీటరు కన్నా సన్నని పొడి ఉంచొద్దు, దారి మూసుకుపోతుంది. చార్‌ని రాత్రంతా నానబెట్టి, నీటిని కింద నుంచి పైకి పంపి గాలి బయటికి తరిమాకే మొదలుపెట్టండి. లేకపోతే నీరు ఒక సందు చూసుకుని జారిపోతుంది. ఇక్కడున్నవాళ్లతో కలిసి పనిచేయాలంటే నీటి పీహెచ్, టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం), కఠినత్వం, క్షారత్వం, నైట్రేట్ అంకెలు, శాంపిల్ తీసిన తేదీ పంపితే చాలు. లోహాల శాంపిల్‌కి పీహెచ్ 2 కిందకి దిగేలా నైట్రిక్ యాసిడ్ కలిపితే ఆరు నెలలు నిలుస్తుంది. పురుగుమందులదైతే ముదురు గాజు సీసాలో, 4 డిగ్రీల దగ్గర ఉంచి, వారంలోపు అక్కడే ఎక్స్‌ట్రాక్షన్ (నీటిలోంచి మందుని వేరుచేసి తీయడం) చేయించాలి. వాడిన చార్‌ని మాత్రం పొలంలో పారేయొద్దు, పొయ్యిలో పెట్టొద్దు. నీళ్లలోంచి తీసిన సీసమంతా ఇప్పుడు అందులోనే ఉంది.