పెళ్ళి మరునాటి ఉదయం పూలను ఎవరు చూసుకుంటారు?

మా పెళ్ళిలో నేను చేతబట్టుకున్న పూలగుత్తిని దాచుకోవాలన్న ఆలోచన నాకు నాలుగో రోజున వచ్చింది. అప్పటికి అది ప్లాస్టిక్ సంచిలో, గది మూలన ఉంది. విప్పి చూసేసరికి రేకుల మడతల్లో బూజు పట్టి, కాడలు మెత్తబడిపోయి ఉన్నాయి. ఏ పూలు పెట్టించాలా అని వారాల తరబడి చర్చించుకున్నాము గాని, పెళ్ళి ముగిశాక వాటిని ఎవరు చూసుకోవాలన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. తరువాత మా చెల్లి పెళ్ళికి ఆ బాధ్యత నేనే అడిగి తీసుకున్నాను. ఆ రెండు పెళ్ళిళ్ళలో నేర్చుకున్నది పెళ్ళికి సిద్ధమవుతున్న జంటలకు పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

పూల అలంకరణ చేసేవారితో మాట్లాడేటప్పుడు రంగు కంటే ముందు, ఆ పువ్వు నీళ్ళు లేకుండా ఎంతసేపు నిలుస్తుందో అడగండి. కార్నేషన్, చామంతి, ఆర్కిడ్ వంటివి చాలాసేపు వాడవు. హైడ్రేంజియా అలా కాదు. దాని పెద్ద గుత్తిలోని రేకులన్నిటి నుంచీ తేమ వేగంగా ఆవిరవుతుంది కనుక కాసేపు ఎండ తగిలితే చాలు, తల వాల్చేస్తుంది. గుత్తి మొత్తాన్ని చల్లని నీళ్ళలో అరగంట ముంచి ఉంచితే చాలాసార్లు తేరుకుంటుంది కూడా. గార్డెనియా తెల్లని రేకుల మీద చేయి తగిలిన చోటల్లా గోధుమరంగు మచ్చలు తేలతాయి. లిల్లీలు పెట్టించుకుంటే (నేలసంపెంగను కూడా లిల్లీ అంటారు, నేను చెబుతున్నది దాని గురించి కాదు), పువ్వు విచ్చుకోగానే మధ్యనున్న, పుప్పొడి ఉండే పరాగకోశాలను తీసివేయమని చెప్పండి. ఆ పుప్పొడి బట్టల మీద పడితే తడిగుడ్డతో రుద్దకూడదు. అతుక్కునే టేపును మెల్లగా అద్ది పైకి తీయాలి. ఇంట్లో పిల్లి ఉన్నవారు ఈ లిల్లీల జోలికి వెళ్ళకపోవడమే క్షేమం, ఎందుకంటే కొద్దిపాటి పుప్పొడి నాకినా దాని మూత్రపిండాలు చెడిపోయే ప్రమాదం ఉంది.

పూలు ముందురోజే ఇంటికి చేరితే, కాడల చివరలను పదునైన కత్తితో ఏటవాలుగా మళ్ళీ కోసి, నీటిలో మునిగే ఆకులన్నీ తీసివేసి, వెంటనే శుభ్రమైన నీళ్ళలో పెట్టాలి. నీటిలో కుళ్ళే ఆకుల వల్ల పెరిగే బాక్టీరియా కాడలోని నాళాలను పూడ్చివేస్తుంది. ఇంటి ఫ్రిజ్‌లో పెట్టాలనుకునేవారు రెండు విషయాలు గమనించాలి. ఆపిల్, అరటి వంటి పండ్లు విడుదల చేసే ఇథిలీన్ వాయువు పూలను తొందరగా వడలిపోయేలా చేస్తుంది కాబట్టి రెండూ ఒకేచోట ఉండకూడదు. గులాబీలకు 2 డిగ్రీల చలి కూడా మేలే చేస్తుంది గాని, ఆంథూరియం వంటి ఉష్ణమండల పూలు 10 డిగ్రీల లోపు చలికి నల్లబడతాయి.

దాచుకోవాలనుకున్న పూల పని పెళ్ళి మరునాడే మొదలవ్వాలి. దంపతులకు ఆ రోజు తీరిక ఉండదు కనుక, పని తెలిసిన దగ్గరి మనిషికి ముందే అప్పగించండి. చెల్లి గులాబీలను నేను మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, తేమను పీల్చుకునే సిలికా జెల్ పొడి మధ్య, రేకుల సందుల్లోకీ పొడి దిగేలా పూడ్చి వారం రోజులు ఉంచాను, ఆకారం చెక్కుచెదరలేదు. తలకిందులుగా వేలాడదీయడం అన్నిటికంటే సులువు. చీకటిగా, గాలి ఆడే పొడి గదిలో రెండు మూడు వారాలు పడుతుంది. రంగు మాత్రం ముదురుతుంది. బరువు కింద అదిమి ఆరబెట్టడానికి పలచని పూలే అనుకూలం, గులాబీనైతే రేకులుగా విడదీయాలి. ఫ్రీజ్ డ్రైయింగ్ (పువ్వును గడ్డకట్టించి తేమను తీసివేయడం) చేసే నిపుణుల చేత చేయించాలంటే పెళ్ళికి ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే వారికి పువ్వు తాజాగానే అందాలి.

మిగతా పనులు ఇంత తొందరపెట్టవు గాని, వాటిలోనూ కొన్నింటికి వరస ఉంది. వివాహ ధ్రువపత్రం చేతికి రాగానే పేర్లలో, తేదీల్లో ప్రతి అక్షరమూ సరిచూసుకోండి. తప్పుంటే అప్పుడే దిద్దించుకోండి, తరువాతి పత్రాలన్నీ ఆ ధ్రువపత్రాన్నే అనుసరిస్తాయి. ఇంటిపేరు మార్చుకోదలచినవారు, విదేశీ ప్రయాణం ముందుంటే, తిరిగివచ్చాకే ఆ పని మొదలుపెట్టండి. టికెట్టు మీదా పాస్‌పోర్టు మీదా ఒకే పేరు ఉండాలి. బీమాలోనూ బ్యాంకు ఖాతాల్లోనూ నామినీ పేరు దానంతటది మారుతుందని అనుకోవద్దు. కానుకలు విప్పుతున్నప్పుడే ఎవరు ఏమిచ్చారో రాసిపెట్టుకోకపోతే, కృతజ్ఞతలు చెప్పవలసిన వేళకు ఎంతో ప్రేమగా ఇచ్చినవారి పేరే గుర్తుకు రాక బాధపడవలసి వస్తుంది. ఫోటోల అసలు ఫైళ్ళను ఫోటోగ్రాఫర్ ఎంతకాలం ఉంచుతారో అడిగి, ఈలోగా రెండు వేర్వేరు చోట్ల భద్రపరచుకోండి. పెళ్ళి బట్టలను మరక కనబడకపోయినా శుభ్రం చేయించే దాచండి. తీపి పానీయాల చుక్కలు ఆరినప్పుడు కంటికి ఆనవు గాని, నెలలు గడిచేకొద్దీ పసుపుగా తేలతాయి.

చెల్లి గులాబీలు ఇప్పుడు గాజు ఫ్రేములో, వాళ్ళ పడకగదిలో కిటికీ వెలుతురు సూటిగా పడని గోడకు ఉన్నాయి. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుందని ఆ చోటు నేనే చూపించాను. వెళ్ళినప్పుడల్లా ముందు ఆ గోడ దగ్గరికే వెళ్ళి చూసుకుంటాను.