చైనీయుల నిషేధ చట్టాలు: కార్డుల పట్టిక, మూడో విడత

చైనీయులను అమెరికాకు రాకుండా ఆపిన చట్టాలు, వాటికి సంబంధించిన తీర్పులు ఒక్కో కార్డు మీద రాసి గోడకు అంటిస్తున్నాం. ఇప్పటికి పది కార్డులు ఎక్కాయి. 1875, 1882, 1884, 1888, 1892 నాటి అమెరికా చట్టాలకు పసుపువి, సుప్రీంకోర్టు తీర్పులకు తెల్లవి.

పసుపు కార్డు మీద సంతకమైన తేదీ ఒక్కటే రాస్తే లెక్క తప్పుతుంది. 1882 చట్టం మీద సంతకం మే 6న పడింది. కూలీల రాక మీద నిషేధం మాత్రం 90 రోజులు గడిచాక, అంటే ఆగస్టులో మొదలైంది. పదేళ్ల గడువును మళ్లీ మే 6 నుంచే లెక్కపెట్టాలి. దాన్ని పొడిగించిన గియరీ చట్టం 1892 మే 5న, సరిగ్గా ఒక్క రోజు ముందు వచ్చింది.

తెల్ల కార్డుల్లో చిక్కు వేరు. కాలిఫోర్నియా రాష్ట్రం అడ్డుకున్న చైనా మహిళ చీ లంగ్ కేసు రిపోర్టు తలకట్టులో 'అక్టోబరు టర్మ్, 1875' అని ఉంటుంది. అది కోర్టు సంవత్సరం, తీర్పు వచ్చింది 1876లో.

కార్డుల్లో ఎక్కువ చెరిపి రాసింది 'రాజ్యాంగ ఆధారం' గడినే. విదేశీయులను రానివ్వకుండా ఆపే అధికారం గురించి రాజ్యాంగంలో సూటిగా ఒక్క వాక్యమూ లేదు. అన్ని కార్డుల మీదా 'వాణిజ్యాధికారం' (విదేశీ వాణిజ్యాన్ని నియంత్రించే కాంగ్రెస్ అధికారం) అని రాసేయడం సులువే గానీ, అది 1884 నాటి తలపన్ను కేసు (వలస వచ్చే ఒక్కొక్కరి మీద వేసిన పన్ను) లాంటివాటికే సరిపోతుంది. 1889 నాటి చే చాన్ పింగ్ కేసు కార్డుకు 'సార్వభౌమాధికారం' అనే రాయాలి. చే చాన్ పింగ్ 1887 జూన్‌లో, మళ్లీ అమెరికాలోకి రానిచ్చే తిరుగు సర్టిఫికెట్ తీసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి చైనా వెళ్లాడు. అతని ఓడ 1888 అక్టోబరు 8న తిరిగొచ్చింది. ఆ సర్టిఫికెట్లను రద్దు చేసిన స్కాట్ చట్టం అంతకు వారం ముందే, అక్టోబరు 1న అమల్లోకి వచ్చేసింది. దాంతో అతన్ని దిగనివ్వలేదు, కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పరాయివాళ్లను గడప దగ్గరే ఆపడం స్వతంత్ర దేశానికి సహజంగా ఉండే అధికారమేనని జస్టిస్ ఫీల్డ్ తీర్పు రాశాడు. చైనాతో ఒప్పందం అడ్డొచ్చినా తర్వాత చేసిన చట్టానిదే పైచేయి అన్నాడు.

ఇక్కడి నుంచి 1893 ఫాంగ్ యూ టింగ్ కేసు కార్డుకు, రెండింటినీ కలిపి చదవాలన్న గుర్తుగా ఎర్రదారం కట్టాలి. గియరీ చట్టం ప్రకారం నివాస సర్టిఫికెట్ లేని చైనా కూలీ, చట్టం వచ్చేనాటికే అమెరికాలో ఉన్నానని తేల్చుకోవాలంటే, నమ్మదగిన తెల్లజాతి సాక్షి ఒక్కడైనా కావాలి. కోర్టు దాన్నీ నిలబెట్టింది. విభేదించిన ముగ్గురు జడ్జీల్లో ఫీల్డ్ కూడా ఉన్నాడు! గడప బయట ఆపడం వేరు, లోపల కాపురం ఉన్నవాణ్ని వెళ్లగొట్టడం వేరన్నది ఆయన వాదన. ఈ దారం లేకపోతే రెండు కార్డులూ ఒకే మాట చెబుతున్నట్టు కనిపిస్తాయి.

1896 వాంగ్ వింగ్ కేసు కార్డుకు దారం వద్దు, ఆ అధికారానికి హద్దు ఇదేనన్న గుర్తుగా అడ్డగీత గీయాలి. దేశం నుంచి పంపేయడం వరకు సరే, విచారణ లేకుండా కఠిన శ్రమతో జైలుశిక్ష వేస్తే రాజ్యాంగపు 5, 6 సవరణలకు విరుద్ధమని కోర్టు కొట్టేసింది.

ఇంకా గోడ ఎక్కాల్సిన కార్డులు రెండు. పుట్టుకతో పౌరసత్వం తేల్చిన 1898 వాంగ్ కిమ్ ఆర్క్ తీర్పు ఒకటి. నిషేధం ఎత్తేసి చైనీయులకు ఏడాదికి 105 మంది కోటా ఇచ్చిన 1943 చట్టం ఇంకొకటి.