మేత మానేసిన కుందేలుకు వైద్యం: నా అనుభవం

ఉదయం ఆరింటికి గరిక వేస్తే మా కుందేలు మూతి తిప్పుకుంది. మే నెల, తిరుపతి ఎండ. వేడికి మందగించిందిలే అని సాయంత్రం దాకా ఊరుకునేవాళ్లే ఎక్కువ. నేను గూడు అడుగున ట్రే లాగి చూశాను. మామూలుగా పెంటికలు శనగ గింజంత, గుండ్రంగా ఉంటాయి, వేళ్ల మధ్య నలిపితే గడ్డి పొట్టులా విడిపోతాయి. ఆ రోజు ఉన్నవి మిరియాలంత, నల్లగా, రాయిలా. అవీ పది లోపే. రెండు మూడు వెంట్రుకకు గుచ్చినట్టు వరసగా వేలాడుతున్నాయి.

కుక్కలా ఒక పూట పస్తుండి తేరుకునే జీవం కాదిది. పీచు లోపలికి పోతూ ఉంటేనే దాని పేగు కదులుతుంది. మేత ఆగితే పేగు మందగిస్తుంది, లోపలి సూక్ష్మజీవుల తీరు మారి గ్యాస్ పడుతుంది, గ్యాస్‌కి నొప్పి, నొప్పికి ఇంకా తినదు. కుందేలుకు వాంతి చేసుకునే శక్తి ఉండదు. పస్తు సాగితే ఒంటి కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది. అందుకే పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

బయల్దేరే ముందు చేయాల్సిన పని ఒకటుంది, జ్వరం చూడటం. డిజిటల్ థర్మామీటర్ కొనకు వేజలైన్ రాసి మలద్వారంలో ఒక సెంటీమీటరు కొద్దిగా దాటేలా పెట్టాలి. మామూలు వేడి 38.5 నుంచి 40 డిగ్రీల సెంటీగ్రేడ్. మా దానికి 37.6 చూపించింది, చెవులు చల్లగా ఉన్నాయి. బయట ఎండ మండుతున్నా దాని ఒళ్లు చల్లబడిపోతోంది. కూలర్ ఆపేసి, వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టాను. అదే 40.5 దాటి, చెవులు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ. అప్పుడు చెవులకు తడిగుడ్డ అద్దాలి, ఐసు నీళ్లు పోయకూడదు. ఈ కాలంలో రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. థర్మామీటర్ లేకుండా ఊహించి చేస్తే ఉన్న ప్రాణం మీదికి తెచ్చినట్టే.

వెటర్నరీ యూనివర్సిటీ ఉన్న ఊరు కాబట్టి తిరుపతిలో పశువైద్యులకు కొదవలేదు. కానీ వాళ్ల ముందుకొచ్చేవి ఎక్కువగా ఆవులు, గొర్రెలు, కుక్కలు. కుందేళ్లు చూసే అలవాటున్న డాక్టరును ముందే తెలుసుకుని ఉంచుకోవాలి. మాకు దొరికిన డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "తినడం సంగతి సరే, పెంటికలు ఎన్ని వేసిందమ్మా?" కాగితంలో పొట్లం కట్టి తీసుకెళ్లినవి చూపించాను. బరువు 1.8 కిలోలు.

తర్వాత జరిగిన వరస ముఖ్యం. ముందు పొట్ట తడిమి, పక్కవాటంగా ఎక్స్‌రే తీశారు. జీర్ణాశయం గాలి, నీళ్లతో బెలూన్‌లా ఉబ్బి ఉంటే పేగుకి ఏదో అడ్డుపడిందని అనుమానించాలి. చెవి నరం నుంచి ఒక చుక్క రక్తంతో చక్కెర చూశారు, 186. నొప్పికీ భయానికీ ఆ మాత్రం పెరుగుతుంది. 360 దాటితే అడ్డంకి భయం చాలా ఎక్కువ, ఆపరేషన్ ఆలోచన చేయాలి. అడ్డంకి లేదని తేలాకే పేగు కదిలించే మెటోక్లోప్రమైడ్ ఇచ్చారు. అడ్డంకి ఉండగా ఇస్తే పేగు చిరిగే ప్రమాదం.

నీళ్లు రోజుకి కిలోకి 100 మి.లీ. లెక్క, అంటే 180. ఒంటి వేడికి సరిపడా వెచ్చబెట్టిన రింగర్ లాక్టేట్ అనే సెలైన్‌ను భుజాల మధ్య చర్మం కింద, మూడు చోట్ల 30 చొప్పున ఎక్కించారు. సాయంత్రం మళ్లీ. నొప్పికి మెలోక్సికామ్, కిలోకి 0.5 మి.గ్రా. చొప్పున 0.9 మి.గ్రా. నోటి మందు మి.లీ.కి 1.5 మి.గ్రా. ఉంటే అది 0.6 మి.లీ. అదే మందు ఇంజెక్షన్‌లో మి.లీ.కి 5 మి.గ్రా. ఉండొచ్చు. సీసా మీది అంకె చూడకుండా "0.6 మి.లీ." అని గుర్తుపెట్టుకుంటే మూడింతలు పడుతుంది. ఒంట్లో నీరు లేనప్పుడు ఈ మందు మూత్రపిండాల మీద పడుతుంది, అందుకే ముందు సెలైన్, తర్వాత నొప్పి మందు. డోసు రాయాల్సింది డాక్టరే. లెక్క మనకూ తెలిసి ఉంటే పొరపాటు దొరుకుతుంది.

అసలు కారణం నోట్లో ఉంది. చెవులు చూసే ఓటోస్కోప్ నోట్లో పెట్టి చూస్తే కింది దవడపళ్ల లోపలి అంచు ముల్లులా పెరిగి నాలుకకు గుచ్చుకుంటోంది. చొంగ కారి గడ్డం కింద తడవడం నేను ముందే గమనించాల్సింది. మర్నాడు మత్తిచ్చి చిన్న బర్‌తో (పళ్లు అరగదీసే తిరిగే పనిముట్టు) అరగదీశారు. కటింగ్ ప్లేయర్‌తో కత్తిరిస్తే పన్ను నిలువునా చీలుతుంది. ఇంకో చోట ఫోన్లో అడిగితే, "రాత్రంతా ఏమీ పెట్టకండి" అని కుక్కలకు చెప్పినట్టే చెప్పారు. వాంతే చేసుకోలేని జంతువుకి మత్తుకు ముందు ఆ పస్తు అవసరం లేదు, పైగా హాని.

ఇంటి దగ్గర మేపడం, నాకు అన్నింటికన్నా కష్టమనిపించింది ఇదే. తిమోతి గడ్డితో చేసిన మేత గుళికలు (పెల్లెట్లు) మిక్సీలో మెత్తగా పొడి కొట్టి, ఒక వంతు పొడికి మూడు వంతుల గోరువెచ్చని నీళ్లు కలిపి, పావుగంట నానబెట్టి, టీ వడకట్టేదాంతో వడకట్టాలి. వడకట్టకపోతే పీచు సిరంజి ముక్కులో ఇరుక్కుంటుంది. గట్టిగా నొక్కితే ఒక్కసారిగా చిమ్మి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తువ్వాల్లో చుట్టి, నాలుగు కాళ్లూ నేల మీద ఉండేలా కూర్చోబెట్టి, ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్య ఖాళీలో పక్క నుంచి సిరంజి పెట్టి అర మి.లీ. వదలాలి. నమిలి మింగాకే తర్వాతది. వెల్లకిలా పట్టుకోవడం, తల పైకెత్తడం వద్దు. మొదటిసారి 5 మి.లీ., సర్దుకున్నాక 18 మి.లీ. చొప్పున రోజుకి ఐదు సార్లు, అంటే కిలోకి 50. ఒంటి వేడి 38 లోపు ఉన్నప్పుడు మేపనే కూడదు.

పక్కవాళ్లు ప్రేమతోనే చెబుతారు: గ్లూకోజు నీళ్లు, మజ్జిగ, పిల్లల అమాక్సిసిలిన్ సిరప్. చక్కెర చెడు సూక్ష్మజీవులకు మేత అవుతుంది. అమాక్సిసిలిన్ నోటి ద్వారా పడితే మంచివి చచ్చి, విషం పుట్టించేవి మిగులుతాయి. గినీ పిగ్‌కీ అంతే.   

మూడో రోజు రాత్రి రెండింటికి పుదీనా కాడ ఒకటి కొస నుంచి నమలడం మొదలుపెట్టింది. అయినా మేపడం ఆపలేదు. పెంటికలు మిరియం నుంచి శనగ గింజ సైజుకి రావడానికి ఇంకో రెండు రోజులు పట్టింది, అప్పటిదాకా సిరంజి, ఆ తర్వాతే మానేశాను. ఇప్పుడు ఆదివారం ఆదివారం వంటింటి తూకం మీద పెడుతున్నాను. 50 గ్రాములు తగ్గితే మళ్లీ నోరు చూపించడమే.