సువర్ణరేఖ కాని సువర్ణరేఖ

పద్మనాభం వైపు ఉన్న మా తాతగారి తోటలో సువర్ణరేఖ అని పిలిచే మామిడి చెట్లు మూడున్నాయి. వాటిలో గట్టు మీది చెట్టు కాయ మిగతా రెండింటి కాయ కన్నా చిన్నది, పీచు ఎక్కువ, తొడిమ దగ్గర రావలసిన ఎరుపు కూడా అంతగా తేలదు. అది గట్టు నేల గుణమని తాతగారు, చెట్టుకు వయసు మీరిందని చిన్నాన్న ఏళ్ల తరబడి వాదించుకున్నారు. తోట కాపరి మాత్రం "నేలదేటుంది బాబూ, ఆ చెట్ల కింద మొలిసిన టెంక మొక్కే అది" అనేవాడు. విశాఖలోని ఒక ప్రయోగశాలలో పండ్ల మొక్కల డీఎన్ఏ మీద పని చేసే అవకాశం నాకు దొరికినప్పుడు, ఈ తగువు తీర్చవచ్చునని తోచింది.

మామిడిలో పేరును నమ్ముకుంటే లాభం లేదు. బంగినపల్లినే కొందరు బేనిషాన్ అంటారు, కొందరు సఫేదా అంటారు. తోతాపురి మన రైతుబజారుకు వచ్చేసరికి కలెక్టరు కాయ అవుతుంది. ఆకు పొడవు, కాయ రంగు, పీచు వంటి లక్షణాలు నేలను బట్టి, నీటిని బట్టి, చెట్టు వయసును బట్టి మారుతాయి కనుక వాటితో గుర్తుపట్టడం కొంతవరకే సాధ్యం. డీఎన్ఏలోని వరుస అలా మారదు కాబట్టి, దానిలో చెట్టుకూ చెట్టుకూ తేడా కనిపించే చోట్లను గుర్తులుగా వాడుకుంటారు. వాటినే మాలిక్యులర్ మార్కర్లు అంటున్నాము.

అయితే ఆ డీఎన్ఏ చేతికి రావడమే మొదటి గండం. మే నెలలో కాయలతో పాటు ముదురాకులు కోసుకొచ్చి, నూరి, కణాలను విప్పి డీఎన్ఏను బయటికి తెచ్చే సీటాబ్ ద్రావణంలో కలిపి 65 డిగ్రీల నీటితొట్టిలో ఉంచాను. మామిడి ఆకులో గాలి తగిలితే గోధుమ రంగుకు మారే పాలీఫినాల్స్, జిగురు పదార్థాలు మెండు. చివర ఐసోప్రొపనాల్ పోసినప్పుడు తెల్లని దారపు పోగులు తేలవలసిన చోట, పాకం ముదిరిన బెల్లంలా గోధుమ రంగు ముద్ద గొట్టం అడుగున అంటుకుంది. డీఎన్ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే పీసీఆర్ దానితో పెడితే, ఆ ముక్కలను పొడవును బట్టి గీతలుగా విడదీసే జెల్ మీద ఒక్క గీతా రాలేదు. రెండోసారి రాగిరంగులో ఉన్న లేత చిగుళ్లను తెచ్చి, పాలీఫినాల్స్‌ను పట్టి ఉంచే పీవీపీని, రంగు మారకుండా చూసే మెర్కాప్టోఇథనాల్‌ను ఎక్కువగా కలిపాను. ఆ రెండోదాని కుళ్లు కంపు సాయంత్రం ఇంటికి వెళ్లినా చొక్కాను వదల్లేదు, కానీ పోగులు మాత్రం తెల్లగా వచ్చాయి.

మొదట చవకగా అయిపోతుందని రాపిడ్ మార్కర్లు ప్రయత్నించాను. ప్రైమర్ అంటే పీసీఆర్ నకలు మొదలయ్యే చిన్న డీఎన్ఏ ముక్క; పది అక్షరాల ప్రైమర్ ఎక్కడ అతుక్కుంటే అక్కడ గీతలు పుట్టించే పద్ధతి అది, 1990లో వచ్చింది. ఈ వారం కనిపించిన గీత వచ్చే వారం కనిపించకపోవడం దానితో మామూలే. పైగా గీత ఉందా లేదా అన్నదే తెలుస్తుంది తప్ప, ఆ చోట చెట్టుకు తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ ఒకటేనా వేరువేరా అన్నది తెలియదు. కొద్దిపాటి రాపిడ్ గీతలతో గీసిన వంశవృక్షాలను నేను అప్పటి నుంచి పెద్దగా లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఎస్ఎస్ఆర్ మార్కర్ల తీరు వేరు. జీఏ, జీఏ, జీఏ అన్నట్లు రెండు మూడు అక్షరాల ముక్క కొన్ని చోట్ల వరుసగా వచ్చే సంఖ్య చెట్టును బట్టి మారుతుంది. ఒకదానిలో పన్నెండుసార్లు, ఇంకొకదానిలో పదిహేనుసార్లు వస్తే, ఆ ఆరు అక్షరాల తేడాను పాలీఅక్రిలమైడ్ జెల్ విడదీసి చూపిస్తుంది. తల్లి నుంచి వచ్చిన ప్రతి, తండ్రి నుంచి వచ్చిన ప్రతి రెండూ కనబడతాయి కాబట్టి పుట్టుపూర్వోత్తరాలు వెతకవచ్చు. కాబెర్నే సావిన్యోఁ అనే పేరుమోసిన ద్రాక్ష, కాబెర్నే ఫ్రాఁ, సావిన్యోఁ బ్లాఁ అనే రెండు రకాల సంతానమని 1997లో బయటపడింది ఈ మార్కర్లతోనే.

మా చెట్లను పన్నెండు మార్కర్లతో చూశాను. గట్టు చెట్టు కాక మిగతా రెండు చెట్లూ ఆ పన్నెండింటిలోనూ ఒకటే. అంటే ఒకే రకం నుంచి కట్టిన అంట్లు. గట్టు మీది చెట్టులో ప్రతి చోటా ఒక ప్రతి సువర్ణరేఖతో కలిసింది, రెండోది చాలాచోట్ల కలవలేదు. అంటే కాపరి మాటే నిజం. సువర్ణరేఖ దానికి తల్లా, పుప్పొడి ఇచ్చిన తండ్రా అన్నది ఈ మార్కర్లు చెప్పవు గానీ, టెంక ఆ చెట్ల కిందే మొలిచింది కనుక తల్లి అనే అనుకుంటున్నాను.

మన ప్రాంతపు మామిడి రకాల టెంకలో సాధారణంగా ఒకే పిండం ఉంటుంది, అది పరాగ సంపర్కం వల్ల పుట్టినది; అందుకే టెంక నాటితే తల్లి పోలిక తప్పుతుంది. కేరళ తీరపు ఒలూర్ వంటి బహుపిండ రకాల్లో మాత్రం ఎక్కువ మొలకలు తల్లి కణజాలం నుంచే వస్తాయి. రైతు అంటు కట్టేది ఆ పోలిక తప్పకుండా ఉండటానికే, అందులో తప్పేమీ లేదు. కానీ వంద ఎకరాల బంగినపల్లి అంట్ల తోటలో జన్యుపరంగా ఉన్నది ఒక్క చెట్టు కిందే లెక్క. వైవిధ్యం అంతా గట్ల మీద, దొడ్లలో, పేరు లేకుండా పెరిగిన టెంక చెట్లలో ఉంది. ఊరగాయకు తప్ప పనికిరావని మనం కొట్టించేస్తున్నది వాటినే.

గట్టు చెట్టుకు రెండో ప్రతి ఇచ్చినది ఏదో తేల్చాలని పక్క తోపు చెట్ల ఆకుల కోసం వెళ్తే, అక్కడ తోపు లేదు. లేఅవుట్ రాళ్లు పాతి ఉన్నాయి. రోడ్డు పక్కన మిగిలిన ఒక మొద్దు చిగురు వేసింది. నాలుగు ఆకులు కోసి, తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు ఉన్న కవరులో వేసుకొచ్చాను. అయితే ఆ చిగురు అంటు కట్టిన చోటుకు పైన వచ్చిందా, కింద వచ్చిందా అన్నది నరికిన మొద్దు మీద పోల్చుకోలేకపోయాను. కింద వచ్చినదైతే అది ఆ చెట్టుది కాదు, అంటుకు వేరునిచ్చిన ఏదో టెంక మొక్కది. మరోసారి వెళ్లి బెరడు గీకి చూడాలి.